బుడమేరు నీళ్లలో ఆరు రోజులు: మా యెజ్డీకి ఇంట్లో కొట్టిన ఎపాక్సీ ప్రైమరు

బండికి రంగు వేశాక అందరి కళ్లూ పోయేది పై మెరుపు మీదికే. నావీ అంతే. 2022 సంక్రాంతి సెలవుల్లో నాన్నగారి పాత మోటారు సైకిలు యెజ్డీ రోడ్‌కింగ్‌ను బోల్టు బోల్టూ విప్పి, విజయవాడ సింగ్‌నగర్‌లో మా వాటా వరండాలోనే ఫ్రేముకీ విడిభాగాలకీ రంగు కొట్టుకున్నాను. వచ్చినవాళ్లందరికీ ఆ నల్ల మెరుపే చూపించాను. నాలుగో ఏడు నడుస్తోంది. ఇప్పుడు ఆ మెరుపు గురించి నాకు చెప్పాలని ఏమీ లేదు. దాని కింద ఎవరికీ కనపడకుండా ఉన్న బూడిద రంగు పొర ఉందే, దాని గురించే ఇదంతా రాస్తున్నాను. అదే ఎపాక్సీ ప్రైమరు, అంటే రంగు కంటే ముందు రేకు మీద వేసే పూత.

బండి ఎలా విప్పాలి, ఏ నంబరు వాటర్ పేపరు ఎప్పుడు వాడాలి, రంగు చిమ్మే స్ప్రే గన్ ఎంత దూరంలో పట్టాలి లాంటివి ఈ పని మీద ఆసక్తి ఉన్నవాళ్లకు తెలిసినవే. వదిలేస్తున్నాను.

నిజానికి నేను ఆటోనగర్ వెళ్లింది రెడ్ ఆక్సైడ్ కొందామని. ఇంటి గేటుకీ కిటికీ చువ్వలకీ చిన్నప్పటి నుంచి చూసింది అదే కదా. అక్కడ ఒక పెద్దాయన, ఎన్నో ఏళ్లుగా కార్లకు రంగులు వేస్తున్న మనిషి, నా చేతిలో డబ్బా చూసి ఆపాడు.

"దేనికి బాబూ?"

"పాత యెజ్డీ ఫ్రేముకి మేస్త్రీ. ఇది చాలదా?"

"గేటుకి చాలు. గేటు మీద పెట్రోలు కారదు, రాయి ఎగిరి తగలదు. బండికి ఇది కాదు, ఎపాక్సీ పట్టుకెళ్లు. రేకు మీద మొదట పడేది అదే అయ్యుండాలి, నా మాట విను."

ఆయన మాట విన్నాను. ప్రైమరు, హార్డెనరు, థిన్నరు అన్నీ కలిపి అప్పట్లో నాకు రెండు వేల లోపే అయింది. డబ్బా రంగులతో అంతకుముందు ఒకసారి చేతులు కాల్చుకున్న అనుభవం కూడా ఉంది. 2019లో బ్యాటరీ పెట్టెకు స్ప్రే డబ్బాతో నలుపు కొట్టాను. చూడముచ్చటగా వచ్చింది. రెండు నెలల తర్వాత కార్బొరేటర్ విప్పుతుంటే పెట్రోలు నాలుగు చుక్కలు దాని మీద పడ్డాయి. గుడ్డతో తుడిస్తే రంగంతా గుడ్డకే వచ్చేసింది. ఆ డబ్బాలో రంగు థిన్నరు ఎగిరిపోయి ఆరుతుందంతే, మళ్లీ అలాంటి ద్రవం తగిలితే మెత్తబడిపోతుంది. ఎపాక్సీ అలా కాదు. ప్రైమరూ హార్డెనరూ కలిశాక రెండింటి మధ్య రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. గట్టిపడ్డాక మళ్లీ కరగమన్నా కరగదు. నేను తెచ్చినదానికి నాలుగు పాళ్లకు ఒక పాలు హార్డెనరు. కలిపి పావుగంట అలా వదిలేసి, ఆ తర్వాతే గన్‌లో పోయాలి. ఈ కొలత కంపెనీని బట్టి మారుతుంది, డబ్బా మీద ఏముంటే అదే పాటించాలి.

అప్పట్లో నన్ను బాగా ఏడిపించింది మన ఊరి గాలి. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ను ఓ సాయంత్రం దాకా కూర్చుని తళతళలాడే రేకు వచ్చేదాకా రుద్దాను. చీకటి పడింది, ప్రైమరు రేపు కొడదాంలే అని పాత దుప్పటి కప్పి పడుకున్నాను. తెల్లారి దుప్పటి తీస్తే ఆ రేకు మీద పసుపు పొడి చల్లినట్టు సన్నగా తుప్పు. పైన ఒకచోట నా నాలుగు వేళ్ల ముద్రలు కూడా ఉన్నాయి, పక్కపక్కనే, గీతలతో సహా. ఆ వేళ్ల చెమట తగిలిన చోట తుప్పు ఇంకా ముదురుగా ఉంది. జనవరిలో కృష్ణ ఒడ్డున తెల్లవారుజామున దిగే మంచుకు ఒక్క రాత్రి చాలు. ఆ రోజు మొత్తం మళ్లీ రుద్దాను. అప్పటి నుంచి ఒకటే పద్ధతి: పదింటికి ఎండ పొడిగా కాశాక రుద్దడం మొదలు, చేతులకు గ్లౌజులు, థిన్నరు గుడ్డతో తుడవడం, మూడింటి లోపు ప్రైమరు పడిపోవడం. ఆ రోజు ఎంత రుద్దగలిగితే అంతే. మిగిలినదాని మీద పాత రంగు దాని వంతు వచ్చేదాకా అలాగే ఉంచేశాను.

ఇక వరద సంగతి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి ఎలా వచ్చాయో విజయవాడలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. సామాన్లు పైకి చేరవేయడానికే సమయం చాల్లేదు. బండిని మెట్లెక్కిద్దామని నేనూ మా తమ్ముడూ పట్టాం. రెండో మెట్టు దాటలేదు. వదిలేసి పై వాటాలోకి పోయాం. సాయంత్రానికి మేడ మీంచి చూస్తే హ్యాండిలూ, ట్యాంకు పై సగం, సీటూ మాత్రమే కనపడుతున్నాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు దింపిన ఆ రోజుల్లో బండి గురించి బాధపడే పరిస్థితి కాదు. అయినా పొద్దున్నే లేవగానే కళ్లు అటే పోయేవి. నాన్నగారు పోయాక ఆయనవంటూ ఇంట్లో మిగిలిన పెద్ద వస్తువు అదొక్కటే.

ఆరు రోజులు అలాగే ఉంది. నీళ్లు తీసేశాక జానెడు ఒండ్రు. ఫైరింజన్లు వచ్చి వీధి కడిగితే ఆ పైపు నీళ్లతోనే బండి కూడా కడుక్కున్నాను. ఇంజను సంగతి వేరే కథ, అది మెకానిక్ చూసుకున్నాడు. సీటు, పక్క డబ్బాలు తీసేసి టార్చిలైటు వేసుకుని ఫ్రేము కింద బోర్లా పడుకున్నాను.

మూడేళ్లలో రాళ్లు తగిలి పై నలుపు లేచిన చోట్లు డౌన్‌ట్యూబు (ఫ్రేములో ఇంజను ముందు కిందికి దిగే గొట్టం) ముందు వైపు పదో పన్నెండో ఉన్నాయి. ఆవగింజంత నుంచి కందిగింజంత. నా భయమంతా వాటి గురించే. అక్కడి నుంచి నీరు లోపలికి పాకి ఉంటుంది, గోరు పెట్టి గీకితే నలుపు పొట్టులా లేస్తుంది అనుకున్నాను. ఒక్కొక్కటీ గీకి చూశాను. గోరు అరిగింది. మచ్చల్లో కనపడింది బూడిద రంగే, గోధుమ రంగు కాదు. ఆరు రోజులు మురికినీళ్లలో నానినా ఆ పొర రేకును వదల్లేదు. పక్కింటివాళ్ల బండి మా దానికంటే పదిహేనేళ్లు చిన్నది. రెండు రోజులు ఎండలో పెట్టేసరికి స్టాండూ, చైన్ గార్డూ, ఫ్రేము అతుకులూ ఎర్రగా తేలాయి. అది వాళ్ల తప్పేం కాదు, ఏళ్ల తరబడి గీతలు పడిన పాత రంగు అది. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆటోనగర్ మేస్త్రీ చేతులు పట్టుకుని దండం పెట్టాలనిపించింది. ఆ తర్వాతి వారం నిజంగానే వెళ్లి చెప్పొచ్చాను.

అయితే నేను మొదట్లో అందరికీ చెప్పిన మాట ఒకటుంది: "ఎపాక్సీ వేస్తే ఇక తుప్పనేది ఉండదు" అని. ఆ మాటను కొంచెం సవరించుకోవాలి.

ఎపాక్సీ పడిన చోటే కాపాడుతుంది. ట్యూబుల లోపల నేను ఏమీ వేయలేదు, వేసే దారీ లేదు. కడిగిన మర్నాడు బండిని పక్కకు వంచితే ఫ్రేము అడుగున చిల్లులోంచి టీ రంగు నీళ్లు ధారగా కారాయి. డీజిల్, ఇంజనాయిలు కలిపి సిరంజితో చిల్లుల్లోకి పోసి, బండిని అటూ ఇటూ వంచి తిప్పాను. లోపల ఎలా ఉందో చూసే మార్గం లేదు. సెంటర్ స్టాండు ఇరుసు దగ్గర ఇనుము ఇనుముతో రాసుకుంటుంది, అక్కడ ఏ రంగూ నిలవదు, తుప్పు పట్టింది. ఇంకోటి, ఎపాక్సీకి ఎండ పడదు. స్టాండు కాలికి పై రంగు కొట్టకుండా ఎవరు చూస్తారులే అని ప్రైమరుతోనే వదిలేశాను. రెండో వేసవికల్లా వేలితో రుద్దితే సున్నంలా పొడి రాలడం మొదలైంది. మడ్‌గార్డు అడుగున, ఎండ తగలని చోట, అదే ప్రైమరు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

అసలు దెబ్బ తగిలింది ట్యాంకు మీద. ఎడమ పక్క చిన్న సొట్ట ఉండేది. ప్రైమరు కొట్టకముందే, నేరుగా రేకు మీద లప్పం పెట్టి నున్నగా చేశాను. ప్రైమరు దాని పైన కొట్టాను. ఆ వరస తప్పని నాకప్పుడు తెలియదు. మూడేళ్లు ఏమీ కాలేదు, చేత్తో తడిమినా సొట్ట ఎక్కడుందో తెలిసేది కాదు. వరద తర్వాత, దీపావళి ముందు, తుడుస్తుంటే గుడ్డ కింద ఏదో తగిలింది. రూపాయి బిళ్లంత పొంగు. నొక్కితే మెత్తగా ఉంది. వారం తర్వాత అంచున సన్నటి పగులు, అందులోంచి గోధుమ రంగు గీత. లప్పం నీటిని పీల్చుకుంటుంది. దాని కింద రక్షణ లేకపోతే రేకు తడిగుడ్డ చుట్టినట్టే ఉంటుంది. రేకు మీద ముందు ఎపాక్సీ, దాని మీద లప్పం, మళ్లీ ఎపాక్సీ. ఇదొక్కటి గుర్తుంచుకుంటే నాకు జరిగింది మీకు జరగదు.

ఫ్రేముకు రంగు కొట్టేవాళ్లకు రెండు చిన్న జాగ్రత్తలు. ఎర్త్ వైరు బిగించే చోట రంగు పడితే కరెంటుకు దారి ఉండదు. బండి బిగించాక నాకు హారన్ మూలిగింది, లైటు మిణుకుమిణుకుమంది. సగం రోజు వైరింగంతా వెతికి, చివరికి ఆ బోల్టు కింద రంగు గీకితే అన్నీ సరిపోయాయి. రెండోది ఛాసిస్ నంబరు. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్ చేయించాలి, అప్పుడు ఆ నంబరు స్పష్టంగా కనపడాలి. దాని మీద లప్పం వద్దు, ప్రైమరు కూడా పల్చగా ఒక్క పూతే. ఆర్సీలో ఏ రంగు ఉంటే అదే వేయించుకుంటే ఇంకా మంచిది, మారిస్తే ఆర్టీఓలో రాయించుకోవాలి.

పై రంగు విషయంలో కూడా నా మాట కొంత మారింది. ఇంట్లోనే అన్నీ చేసుకోవచ్చని ధైర్యం చెప్పేవాణ్ని. నేను వేసిన పీయూ (పాలీయురేథేన్) రంగు హార్డెనరులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. గన్‌తో కొట్టినప్పుడు పొగలా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తర్వాత కొంచెం సోకినా ఆయాసం పట్టుకుంటుంది. ముక్కుకు కట్టుకునే గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు. నేను కార్ట్రిడ్జి మాస్కు పెట్టుకుని కొట్టాను, అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు. కానీ అప్పుడు ఇంట్లో పసిపిల్లలు లేరు. ఇప్పుడు మా తమ్ముడి పాపకు ఏడాదిన్నర. ఇకపై ప్రైమరు దాకా నేను చేసుకుని, పై రంగు ఆటోనగర్‌లో పెయింట్ బూత్ (రంగు కొట్టడానికే కట్టిన మూసిన గది) ఉన్నచోట కొట్టిస్తాను. ఎపాక్సీకి కూడా గ్లౌజులూ, అదే మాస్కూ తప్పనిసరి. దాని హార్డెనరు చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు లేస్తాయి.

పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడికి కరిగించి పట్టించేది) మేలు కదా అని గుంటూరులో ఉన్న స్నేహితుడు అడుగుతుంటాడు. అతను ఫ్రేముకు అదే చేయించాడు. రెండు రోజుల్లో పని అయిపోయింది, గట్టిగానూ ఉంది. కాకపోతే రాయి తగిలి పగిలిన చోట తడి కిందికి పాకి, అట్టలా ఊడింది. ముందు రేకును ఎలా శుభ్రం చేశారో నేను చూడలేదు కాబట్టి తప్పు దానిదే అనలేను. రోజూ ఆఫీసుకు పోయే బండి అయితే, పది రోజులు విప్పి పెట్టే వీల్లేకపోతే, నేనూ అటే వెళ్లేవాణ్నేమో. మా యెజ్డీ ఆదివారం పొద్దున ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లొచ్చే బండి. నాకు వరండా ఉంది, సెలవులున్నాయి, నాన్నగారి బండి మీద నా చెయ్యే పడాలన్న కోరికా ఉంది. ఇవి లేనివాళ్లకు నా లెక్క సరిపడకపోవచ్చు.

ట్యాంకు ఎడమ పక్క పొంగు అలాగే ఉంది, పగులు మీద మైనం రాసి నెట్టుకొస్తున్నాను. పాత హార్డెనరు డబ్బాలోనే గడ్డకట్టింది, కొత్తది తెచ్చి బీరువా మీద పెట్టాను. వచ్చే సంక్రాంతికి మంచు విడిచి ఎండ కాశాక రేకు దాకా గీసేసి, ఆ సొట్టలో ముందు బూడిద రంగు పోస్తాను.