ఆరేళ్లుగా మా పొయ్యి మీద 'కత్తిల'

హెల్సింకీ పక్కన ఎస్పోలో కాపురం పెట్టిన వారంలోనే కొన్నాను ఈ మూడు లీటర్ల స్టీలు గిన్నె. ఇంటినుంచి మోసుకొచ్చిన అల్యూమినియం గిన్నెని ఇండక్షన్ పొయ్యి పట్టించుకోకపోవడంతో తప్పలేదు. డబ్బా మీది పేరు కూడబలుక్కుని 'కట్టెల' అని చదివాను. "కరెంటు పొయ్యికి కట్టెల గిన్నె ఏమిట్రా?" అని ఫోన్లో అమ్మ ఒకటే నవ్వు. మర్నాడు ఆఫీసులో ఒకావిడ దిద్దింది: అది 'కత్తిల', ఫిన్నిష్‌లో వంటగిన్నె అని అర్థం. ఒత్తి పలకాల్సింది మొదటి అక్షరం. 'త్తి' దగ్గర మాత్రం మనం 'అత్త' అనేటప్పుడు ఆగినంత ఆగాలి.

అడుగు మందం, పప్పు అంటుకోదు. ఒక్కసారి పాలు మాడ్చాను. రాత్రంతా నానబెట్టి చింతపండు పిప్పితో తోమితే మళ్లీ తళతళలాడింది. అసలు చిక్కు అంచుతో. బయటికి వంపు లేదు కాబట్టి గంజి వారిస్తే ధార గిన్నె ఒంటినే పట్టుకుని జారుతుంది. ముంజేతి మీద మచ్చ ఇంకా ఉంది. చెవులూ కాలతాయి, మసిగుడ్డ చేతిలో ఉండాల్సిందే.

పేరు మాత్రం గిన్నెకన్నా పాతది. లాటిన్‌లో 'కతిల్లుస్' అంటే చిన్న పళ్లెం. అది జర్మానిక్ భాషల్లోకి వెళ్లి వంటపాత్ర అయింది, అక్కణ్ణుంచి ఫిన్నిష్‌లోకొచ్చింది. ఇంగ్లీషు 'కెటిల్', జర్మన్ 'కెస్సెల్', స్వీడిష్ 'షిట్టెల్' దీని దాయాదులే. చిత్రం ఏమిటంటే ఇక్కడ టీ నీళ్లు కాచేదాన్ని కత్తిల అనరు, దానికి వేరే పేరుంది.

అరువు మాటని అచ్చుతో ముగించడం వీళ్లకీ అలవాటే. మనకి కప్పు, బస్సు. వీళ్లకి కుప్పి, బుస్సి. కాకపోతే మాట మొదట్లో రెండు హల్లులు కలిస్తే పాత అరువుల్లో ఒకదాన్ని కోసేశారు. స్వీడిష్ 'గ్లాస్' ఇక్కడ 'లసి'. మా ఊళ్లో పెద్దవాళ్లు అదే మాటని 'గలాసు' అని సాగదీసేవారు.

'పత' అనే ఇంకో వంటపాత్ర ఉంది వీళ్లకి. పత కత్తిలని తప్పుపడుతుందట, పక్కలు రెండింటికీ నలుపే. మన గురివింద గింజ బాపతు సామెత.

కొనేవాళ్లు అంచు వంపు తిరిగిన రకం చూసుకోండి. అయిదింటికి నాలుగు చుక్కలు ఇస్తాను. నిరుడు వేసవిలో వచ్చి రెండు నెలలు ఇందులోనే వండిన అమ్మకి మాత్రం ఇది ఇప్పటికీ 'ఆ కట్టెల గిన్నె'.