రాజకుటుంబమైనా సరే, టోల్ కట్టాల్సిందే

ఇంగ్లండ్‌లో కోటలు, చర్చిలు చూసి చూసి నాన్నకు విసుగొచ్చింది. "ఇంకేమైనా ఉంటే చూపించరా" అన్నారు. బర్మింగ్‌హామ్ నుంచి రైల్లో టెల్‌ఫర్డ్ వెళ్లి, అక్కడ టాక్సీ ఎక్కి ఐరన్‌బ్రిడ్జ్ చేరాం.

సెవెర్న్ నది మీది ఇనుప వంతెన కోసమే అందరూ ఈ ఊరొస్తారు. 1779లో పోత ఇనుముతో నిలబెట్టారు. 1781 జనవరి 1న జనాన్ని వదిలారు. చూడ్డానికి పైసా ఖర్చు లేదు. నాన్న మాత్రం వంతెన అవతలి కొసన ఉన్న టోల్ ఇంటి ముందు ఆగిపోయారు. దానికి పాత రేట్ల బోర్డు ఉంది. ఆరు గుర్రాల బండికి రెండు షిల్లింగులు (అప్పట్లో షిల్లింగంటే పన్నెండు పెన్నీలు), అది శవాన్ని మోసే బండైనా సరే. ఆవుకు ఒక పెన్నీ. గొర్రెకు, పందికి అర పెన్నీ, నడిచెళ్లే మనిషికీ అంతే! అసలు సంగతి కింద ఉంది: ఇది ప్రైవేటు ఆస్తి కాబట్టి సైనికులు, టపా బండ్లు, చివరికి రాజకుటుంబం కూడా టోల్ కట్టాల్సిందేనట. "మన టోల్ ప్లాజాల దగ్గర కట్టక్కర్లేని వాళ్ల లిస్టే బారెడుంటుంది కదరా" అని నాన్న ఒకటే నవ్వు.

1934లో బండ్లు ఆపేశారు గానీ, నడిచేవాళ్ల దగ్గర 1950 దాకా వసూలు చేశారు.

రోడ్డు టోల్‌గేటు చూడాలంటే దగ్గర్లోని బ్లిస్ట్స్ హిల్ మ్యూజియానికి వెళ్లాలి, అది పాతకాలం ఊరిలా కట్టిన మ్యూజియం. ఇంజనీరు థామస్ టెల్‌ఫర్డ్ వేసిన, లండన్ నుంచి హోలీహెడ్ రేవుకు వెళ్లే రోడ్డు మీద, ష్రూస్‌బరీ పక్కన షెల్టన్‌లో ఉండిన టోల్ ఇంటిని విప్పి ఇక్కడ మళ్లీ కట్టారు. అక్కడి బ్యాంకులో ఇప్పటి పౌండ్లిచ్చి పాతకాలం పెన్నీలు తీసుకుని షాపుల్లో ఖర్చు పెట్టొచ్చు. పిల్లలకైతే పండగే. టికెట్ మాత్రం ఖరీదు. సగం రోజు చేతిలో లేకపోతే వెళ్లకండి, గిట్టుబాటు కాదు.

రాత్రి గుట్ట మీద ఓ చిన్న బసలో దిగాం. గది శుభ్రం, కిటికీలోంచి లోయ కనిపిస్తుంది. కానీ మెట్లు నిచ్చెనలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నరకం. శాకాహారులమని ముందే చెప్పినా పొద్దున ప్లేట్లో సాసేజ్ వచ్చింది. నాన్న టోస్టు, టీతో సరిపెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణానికి చెప్పిన టాక్సీ రానేలేదు. ఆదివారం కదా, బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాం. ఆ టైములో నాన్న మళ్లీ వంతెన దాకా వెళ్లి బోర్డు ఫోటో తీసుకొచ్చారు, ఊళ్లో ఫ్రెండ్స్‌కి పంపడానికట.