మా చిన్నితో 9 రోజులు: ఏ పార్కులో ఎంతవరకు రానిచ్చారు

అక్టోబరులో ఫీనిక్స్ నుంచి బయల్దేరి 9 రోజులు ఆరిజోనా, యూటా చుట్టి వచ్చాం. నేను, మా ఆయన, 11 ఏళ్ల మా అమ్మాయి, మా చిన్ని. చిన్ని మా ఇంటి లాబ్రడార్, 4 ఏళ్లది, 27 కిలోలుంటుంది. దాన్ని బోర్డింగ్‌లో వదిలి వెళ్దామంటే అమ్మాయి ససేమిరా అంది. నాకూ మనసొప్పలేదు.

బయల్దేరే ముందు నేను చూసుకున్నది ఒక్కటే. క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్‌లో "పెంపుడు జంతువులకు అనుమతి ఉంది" అని ఉందా లేదా అని. ఉంటే చాలనుకున్నాను. కానీ ఆ మాట టెంటు వేసుకునే చోటికి మాత్రమే. టెంటు దాటి అడుగు బయట పెడితే ట్రెయిల్‌కి (నడక దారికి) ఒక నియమం, పార్కు లోపల తిప్పే షటిల్ బస్సుకి ఇంకో నియమం. అందుకే ఈసారి ఎవరైనా అడిగితే ముందు ఆ పార్కులో కుక్క నడవగలిగే దారులేవో చూసుకోండి, క్యాంప్‌సైట్ సంగతి ఆ తర్వాత అని చెప్తాను.

నేషనల్ పార్కులన్నిట్లో ఉండే పద్ధతి ఇది. లీష్, అంటే కుక్కని పట్టుకునే తాడు, 6 అడుగులు మించకూడదు. విజిటర్ సెంటర్ల లోపలికి తీసుకెళ్లకూడదు. చెట్టుకో బెంచీకో కట్టేసి మనం వెళ్లిపోకూడదు. చాలా పార్కుల్లో ట్రెయిల్స్ మీదకి రానివ్వరు. మిగతాది ఏ పార్కుకి ఆ పార్కే నిర్ణయించుకుంటుంది.

మొదట గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో, అంటే లోయ దక్షిణపు అంచున, మేదర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 2 రాత్రులు ఉన్నాం. కుక్క ఉన్నవాళ్లకి ఇంత పెద్ద పార్కులో ఇంత స్వేచ్ఛ దొరకడం అరుదు. లోయ అంచు పైనున్న ట్రెయిల్స్ మీద లీష్‌తో నడవనిస్తారు. లోపలికి దిగే దారుల్లో మాత్రం ఒక్క అడుగు కూడా వేయనివ్వరు, ఆ దారుల్లో కంచరగాడిదలు కూడా వస్తాయి. రిమ్ ట్రెయిల్ మీద పొద్దున్నే చిన్నితో నడుస్తుంటే ఒక రేంజర్ ఎదురొచ్చి మా లీష్ వైపు చూసింది. అది బటన్ నొక్కితే సాగే రకం, 16 అడుగులు పోతుంది. ఆమె నవ్వుతూనే, "దాన్ని 6 అడుగుల దగ్గర లాక్ చేసి పట్టుకోండి, అంచు దగ్గర ఉడుత కనపడితే మీ చేతికి ఆపే టైమ్ ఉండదు" అంది. అప్పుడు చూశాను, అక్కడ చాలా దూరం గోడా లేదు, రెయిలింగూ లేదు. 5 నిమిషాలు గడవకముందే రాళ్ల మధ్య నుంచి ఒక ఉడుత తుర్రుమంది. చిన్ని ఒక్క ఉదుటున లాగింది. నా భుజం కలుక్కుమంది గానీ లీష్ చిన్నదిగా ఉంది కాబట్టి అది నా కాళ్ల దగ్గరే ఆగింది. ఆ సాయంత్రమే విలేజ్‌లోని స్టోర్‌లో మామూలు 6 అడుగుల లీష్ కొన్నాను. సాగే లీష్ మళ్లీ బయటికి తీయలేదు.

ఇక్కడ ఇబ్బంది షటిల్ బస్సుతో. అందులో కుక్కల్ని ఎక్కనివ్వరు. మార్చి నుంచి నవంబరు దాకా హెర్మిట్ రోడ్‌లో సొంత కార్లు కూడా వెళ్లనివ్వరు కాబట్టి ఆ వైపు వ్యూపాయింట్లు చూడాలంటే కుక్కతో నడవడమే. లోయలోకి దిగాలనుకునేవాళ్లకి కుక్కని వదిలి వెళ్లడానికి పార్కులోనే కెన్నెల్ ఉంది, టీకాల కాగితాలు చూపించాలి. టెంటు వద్దనుకునేవాళ్లు యవపాయ్ లాడ్జ్‌లో కుక్కల్ని అనుమతించే గదులు అడగొచ్చు. క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రిపూట ఎల్క్‌లు (పెద్ద జింకలు) టెంట్ల మధ్య తిరుగుతాయి. మొదటి రాత్రి చిన్ని గుర్రుమంటూ లేచి కూర్చుంది. అమ్మాయి దాని మెడ చుట్టూ చెయ్యేసి పడుకోబెట్టింది. గిన్నెలో మిగిలిన డాగ్ ఫుడ్‌ని రాత్రి కారులో పెట్టి తీరాలి, బయట వదిలితే అడవి జంతువుల్ని మనమే పిలిచినట్టు.

పేజ్ అనే ఊరి దగ్గర, నది గుర్రపు నాడాలా వంపు తిరిగే హార్స్‌షూ బెండ్‌కి లీష్‌తో తీసుకెళ్లొచ్చు. పోనూ రానూ మైలున్నర. నీడ తక్కువ, నీళ్లు మోసుకెళ్లాలి. ఆ రాత్రి బస చేసిన మోటెల్ గురించి చెప్పాలి. బుకింగ్‌లో కుక్కలకి స్వాగతం అని రాసి ఉంది, కౌంటర్ దగ్గరికి వెళ్లాక రాత్రికి 25 డాలర్లు అదనం అన్నారు. పైగా గదిలో కుక్కని ఒంటరిగా వదిలి భోజనానికి కూడా వెళ్లకూడదన్నారు. రెండో షరతులో న్యాయం ఉంది, భయపడ్డ కుక్క మొరిగితే పక్క గదివాళ్లకి నరకం. కానీ డబ్బు సంగతి ముందే చెప్పాలి. అప్పటినుంచి ఎక్కడ బుక్ చేసినా ఫోన్ చేసి రెండూ అడుగుతున్నాను.

యూటాలోని జయాన్ నేషనల్ పార్కులో కుక్కలకి తెరిచిన ట్రెయిల్ ఒక్కటే, పారస్ ట్రెయిల్. పోనూ రానూ సుమారు 3.5 మైళ్లు, చదునైన దారి, వర్జిన్ నది పక్కనే. మేం ఉన్న వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. చాలా బాగుంటుంది, కానీ కుక్క ఉన్నవాళ్లు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. దాన్ని నీళ్లలోకి దిగనివ్వకండి, తాగనివ్వకండి. ఈ నదిలో సైనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు రాళ్లకి అంటుకుని పెరుగుతాయి, అవి విషం వదులుతాయి. 2020 జులైలో ఈ నదిలో ఆడుకున్న ఒక కుక్కపిల్ల చనిపోయింది. లాబ్రడార్‌ని నది పక్కన నడిపిస్తూ నీళ్లకి దూరంగా ఉంచడం ఎంత కష్టమో చెప్పలేను. ప్రతి వంతెన దగ్గరా చిన్ని ఆగి, నీళ్లవైపు చూసి, నావైపు చూసి, తోక ఊపేది. మా ఆయన సంచిలోంచి మడత గిన్నె తీసి సీసాలో నీళ్లు పోస్తే తాగి, మళ్లీ నదివైపే చూసేది.

ఇక లోయ లోపలి భాగానికి ఆ సీజన్‌లో షటిల్‌లోనే వెళ్లాలి, అందులో కుక్కలకి చోటు లేదు. అందుకని మేం వంతులు వేసుకున్నాం. పొద్దున ఆయనా అమ్మాయీ, మధ్యాహ్నం నేను. కారులో కుక్కని పెట్టి అద్దాలు కాస్త దించి వెళ్లినవాళ్లని ఇంకోచోట చూశాను, కడుపులో దేవినట్టయింది. బయట 70 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న రోజున కూడా మూసిన కారు లోపల 10 నిమిషాల్లో దాదాపు 20 డిగ్రీలు పెరుగుతుంది. అద్దాలు కొద్దిగా దించడం వల్ల పెద్ద తేడా ఉండదు.

బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్కులో సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా చదును చేసిన దారిలో నడవనిస్తారు. కింద లోయలో నిలబడి ఉండే ఎర్ర రాతి స్తంభాల మధ్యకి మాత్రం దిగనివ్వరు. మొదట అమ్మాయికి కోపం వచ్చింది. "చిన్ని ఎవర్నీ ఏమీ అనదు కదమ్మా" అంది. అక్కడి మైదానంలో యూటా ప్రెయిరీ డాగ్‌లు ఉంటాయి. పేరులో డాగ్ ఉన్నా అది ఉడుత జాతి, ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద రక్షణలో ఉంది. కుక్క కరవనక్కర్లేదు, దాని వాసనకే అవి బెదురుతాయి. ఇటునుంచి అటు డిస్టెంపర్ లాంటి జబ్బులు పోవచ్చు, ఆ బొరియల్లోని పేలవంటి పురుగుల వల్ల ప్లేగు మన కుక్కకి రావచ్చు. ఇదంతా చెప్పాక అమ్మాయి మళ్లీ అడగలేదు.

పైగా 20 నిమిషాల దూరంలో డిక్సీ నేషనల్ ఫారెస్ట్‌లో రెడ్ కాన్యన్ ఉంది. అదే ఎర్ర రాయి, అవే స్తంభాలు, జనం తక్కువ, లీష్‌తో కుక్కకి దారి తెరిచే ఉంది. నేషనల్ ఫారెస్ట్‌లు నేషనల్ పార్కుల కంటే కుక్కల విషయంలో చాలా ఉదారం. ఈ తేడా తెలియక ఎంతోమంది దీన్ని దాటేసి వెళ్లిపోతారు.

మోయాబ్‌లో కూడా ఇదే జరిగింది. ఆ ఊరి పక్కనున్న ఆర్చెస్ నేషనల్ పార్కులో ఒక్క ట్రెయిల్ మీదకీ కుక్కని రానివ్వరు, గంటలో బయటపడ్డాం. డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కుకి వెళ్లాం. నడిచే ట్రెయిల్స్ మీద కుక్కకి అభ్యంతరం లేదు, సైకిల్ ట్రెయిల్స్ మీద మాత్రం వద్దు. కింద 2,000 అడుగుల లోతున కొలరాడో నది మెలిక తిరుగుతూ కనిపిస్తుంది. నేషనల్ పార్కుల వార్షిక పాస్ అక్కడ చెల్లదు, టికెట్ వేరే. ఇచ్చిన ప్రతి డాలరుకీ తగ్గ చోటు. దారి పక్కన కాక్టస్ ముల్లు చిన్ని ముందుకాలి మెత్తలో గుచ్చుకుంది. అమ్మాయి ఫోన్ లైట్ పట్టుకుంటే నేను ట్వీజర్‌తో తీశాను. ఫస్ట్ ఎయిడ్ సంచిలో ట్వీజర్ లేకుండా ఆ ప్రాంతానికి వెళ్లొద్దు.

ఇంకో మాట. సర్వీస్ డాగ్ అని రాసిన జాకెట్ ఆన్‌లైన్‌లో కొని మామూలు కుక్కకి తొడిగితే అన్ని చోట్లకీ తీసుకెళ్లొచ్చని ఒకాయన క్యాంప్‌ఫైర్ దగ్గర సలహా ఇచ్చాడు. దయచేసి ఆ పని చేయకండి. చట్టం చెప్పే సర్వీస్ డాగ్ వైకల్యం ఉన్న మనిషికి ఫలానా పని చేసిపెట్టేలా శిక్షణ పొందినది. చూపులేనివారి చేతిలోని కుక్కని కూడా జనం అనుమానంగా చూసే పరిస్థితి మనం తేకూడదు.

చివరి మజిలీ ఆరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కు. యాత్ర మొత్తంలో చిన్నికి అదే పెద్ద పండగ. లీష్ ఉంటే చాలు, అక్కడ అన్ని ట్రెయిల్స్ మీదా నడవొచ్చు. బ్లూ మేసాలో నీలం, బూడిద రంగు మట్టి గుట్టల మధ్యకి దారి నిటారుగా దిగుతుంది. కోట్ల ఏళ్ల కిందటి చెట్లు రాయిగా మారి చుట్టూ ముక్కలుగా పడి ఉంటాయి, వాటిలో చిన్న ముక్క కూడా జేబులో వేసుకోకూడదు. 9 రోజుల్లో మొదటిసారి నలుగురం కలిసి ఒక ట్రెయిల్ మొదలుపెట్టి కలిసి ముగించాం. లోపల క్యాంప్‌గ్రౌండ్ లేదు, సాయంత్రం గేట్లు మూసేస్తారు, కాబట్టి బస దగ్గరి ఊరు హోల్‌బ్రుక్‌లో చూసుకోవాలి. మేం ఆఖరి కార్లలో ఒకటిగా బయటికి వచ్చేసరికి చిన్ని వెనక సీట్లో నీలం మట్టి అంటిన కాళ్లు అమ్మాయి ఒళ్లో చాపి నిద్రపోయింది.