బడి వీడ్కోలు సభకు ఏ పాట: ‘సెయికై’ లేదా ‘బొకు నో కొతో’?

జపాన్‌లో మార్చి దగ్గర పడిందంటే, చదువు ముగించే విద్యార్థుల వీడ్కోలు సభలో తరగతి ఏ పాట పాడాలన్న చర్చ మొదలవుతుంది. కొత్త తరం పాటల్లో ఈ రెండూ గట్టి పోటీదారులు.

పుట్టుక: రాక్ బ్యాండ్ రాడ్‌వింప్స్ ‘సెయికై’ని 2018లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కార్యక్రమం కోసం, దాదాపు వెయ్యి మంది 18 ఏళ్ల యువతతో కలిసి పాడటానికే రాసింది. మిసెస్ గ్రీన్ యాపిల్ అనే మరో బ్యాండ్ 2019 జనవరిలో విడుదల చేసిన ‘బొకు నో కొతో’ జాతీయ హైస్కూల్ ఫుట్‌బాల్ పోటీల పాట.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. మొదటిది బృందగానంగానే పుట్టింది. పియానో వాయించేవారు ఒక్కరుంటే సభ నిలబడుతుంది. రెండోది మిసెస్ గ్రీన్ యాపిల్ గాయకుడు ఒమోరి మోతోకి గొంతుకు కొలిచి కుట్టిన చొక్కా. పై స్వరాలు చాలా ఎత్తులో ఉంటాయి. శ్రుతి దించకపోతే సగం తరగతి పల్లవి దగ్గరే ఆగిపోతుంది.

ఖర్చు: రెండింటికీ ఒకటే. టికెట్టు, పారితోషికం లేని బడి సభలో పాడటానికి అక్కడి చట్టం ప్రకారం అనుమతి అక్కరలేదు. సభను ఇంటర్నెట్‌లో ప్రసారం చేస్తే మాత్రం హక్కుల సంగతి చూసుకోవాలి.

భావం: ‘సెయికై’ స్నేహితుల గురించి, బడి నేర్పని ప్రశ్నల గురించి మాట్లాడుతుంది. ‘బొకు నో కొతో’ ఓడినా చేసిన ప్రయత్నాన్ని గౌరవిస్తుంది.

తరగతి అంతా గొంతు కలపాలంటే నా ఓటు నిస్సందేహంగా ‘సెయికై’కే. క్రీడాజట్టు వీడ్కోలుకు, ఫొటోల వీడియో వెనుక వినిపించడానికి, లేదా మంచి గాయకుడు ఒక్కరే పాడేటప్పుడు ‘బొకు నో కొతో’ ఎంచుకోండి.