జాగ్రత్త: ముందే వేడెక్కించి చూపించే పాత బోటు ఇంజన్ కొనకండి

గోదావరి లంకల్లో (నది మధ్య దీవుల్లో) తోటలున్నవారు, చెరువుల పనికి పాయలు దాటేవారు, ఎవరైనా సరే పాత మోటారు బోటు కొనే ఆలోచనలో ఉంటే బయానా ఇచ్చే ముందు ఇది చదవండి. నేను ఇచ్చాక నేర్చుకున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత లంకలోని కొబ్బరితోటకు రాకపోకల కోసం యానాం వైపు ఒక ఊళ్ళో 18 అడుగుల ఫైబర్ బోటు, బోటు వెనుక బయట బిగించే 15 హార్స్‌పవర్ టూస్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజన్ కలిపి లక్షా అరవై వేలకు కొన్నాను. మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం కాబట్టి బోటు నెల రోజులుగా ఒడ్డునే ఉందని అమ్మినాయన చెప్పాడు. మంచి మాటే. అయితే నేను వెళ్ళేసరికి ఇంజన్ మూత వెచ్చగా ఉంది. నెల రోజులు కదలని ఇంజన్ వెచ్చగా ఎలా ఉందని నేను అడగలేదు. ఎండకు అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పిన మనిషిని!

చల్లగా ఉన్న ఇంజన్ స్టార్టు తాడు ఎన్ని లాగుళ్ళకు అందుకుంటుందన్నదే దాని ఆరోగ్యం. అరిగిన ఇంజన్ కూడా వేడి మీద ఒక్క లాగుకే అందుకోగలదు. కాబట్టి తెల్లవారుజామునే వెళ్ళండి, ముందుగా ఫోను చేయకండి. మూత మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ తాగి వస్తామని చెప్పి మూడు గంటల తరువాత రండి.

రెండోది నీళ్ళ ధార. ఔట్‌బోర్డ్ ఇంజన్‌ను చల్లబరిచేది నదిలోని నీరే. అడుగు భాగంలో ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం నీటిని పైకి తోడుతుంది. అది పనిచేస్తోందని చెప్పడానికి ఇంజన్ పక్కనున్న రంధ్రం నుంచి నీరు ధారగా బయటకు చిమ్ముతుంది. నాకు చూపించిన ఇంజన్‌లో అది దారంలా కారింది. “కాలువ నీళ్ళు కదా మాస్టారూ, సన్నగానే వస్తుంది” అన్నాడాయన. తల ఊపాను.

పన్నెండో రోజున అప్పనపల్లి దిగువన వైనతేయ పాయ మధ్యలో, పాటు (నీరు సముద్రంలోకి వెనక్కి తీసే వేళ) లాగుతున్న సమయంలో, కాలిన వాసన వచ్చి ఇంజన్ ఆగిపోయింది. బోటులో నేను, కొబ్బరికాయలు దింపే ఇద్దరు మనుషులు, మూడు వందల కాయలు. తెడ్డు ఒక్కటే. నీరు మమ్మల్ని సముద్రంలో కలిసే మొగ వైపు లాక్కుపోతుంటే ఎదురు వచ్చిన ఒక బోటు సరంగు తాడు విసిరి ఒడ్డుకు చేర్చాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

మెకానిక్ విప్పి చూపించాడు. ఇంపెల్లర్ రెక్కల్లో సగం లేవు. ఊడిన ముక్కలు నీటి దారుల్లో ఇరుక్కున్నాయి, వాటి చుట్టూ ఉప్పు సున్నంలా గట్టిపడింది. “ఇది మీ పన్నెండు రోజుల్లో పట్టిన ఉప్పు కాదు మాస్టారూ” అన్నాడు. ఆ మాట కొంత ఊరట, కొంత మంట.

మన పాయల్లో తిరిగే బోటుకు ఈ జబ్బు తొందరగా వస్తుంది. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు వచ్చే నీరు తగ్గిపోతుంది, పోటుకు సముద్రపు నీరు పాయల్లోకి ఎగదన్నుతుంది. నది కదా, మంచినీరే అనుకుంటాం. నాలుక మీద వేసుకుంటే తెలుస్తుంది. ఉప్పు తగిలిన ప్రతి రోజూ బోటు కట్టాక ఇంజన్ కాలిని (నీళ్ళలో దిగే కింది భాగాన్ని) మంచినీటి డ్రమ్ములో ముంచి, న్యూట్రల్‌లో పది నిమిషాలు తిప్పాలి. పంకా (బోటును నెట్టే ప్రొపెల్లర్) విప్పేసి తిప్పడం క్షేమం. నీరు తోడుకునే జల్లెడ కన్నాలు బాగా మునిగి ఉండాలి. నీరు లేకుండా “ఒక్క క్షణం” తిప్పినా రబ్బరు చక్రం పాడవ్వచ్చు. కాలువల్లో గుర్రపుడెక్క ఆ కన్నాలకు చుట్టుకుంటుంది, వరదల ఎర్రనీటిలోని ఇసుక రబ్బరును అరగదీస్తుంది. అందుకే నేను ఏటా వరద వెళ్ళాక ఇంపెల్లర్ మార్చేయాలని నిశ్చయించుకున్నాను. వందల్లో పోయేది వేలల్లోకి రాకుండా ఉంటుంది.

ఇక ఇంజన్ కాలిలో ఉండే గేర్ ఆయిల్. కొనే ముందు ఇంజన్‌ను రాత్రంతా నిలువుగా ఉంచమని, పొద్దున అడుగు స్క్రూ కొంచెం వదులు చేయమని అడగండి. ముందు నీటి చుక్కలు వచ్చినా, నూనె పాలు కలిపిన కాఫీలా ఉన్నా నీటిని లోపలికి రానివ్వని సీలు పోయిందని అర్థం. నా దాంట్లో అచ్చం కాఫీయే. పంకా వెనుక ఇరుసుకు వల దారం చుట్టుకుని సీలును కోసేసింది. పంకా విప్పి అక్కడ చూడటానికి పది నిమిషాలు చాలు. కొత్త నూనె పోసేటప్పుడు కింది కన్నం నుంచే ఎక్కించాలి. పై కన్నం నుంచి పొర్లాక ముందు పైది బిగించి, తరువాత కిందిది. పై నుంచి పోస్తే లోపల గాలి మిగిలిపోతుంది.

రంగు గురించి చెప్పకపోతే మనసు ఊరుకోదు. ఆ బోటు నీలం రంగుతో పెళ్ళికొడుకులా మెరిసింది. ఇంజన్ కాలికి బిగించే జింకు ముక్కకు కూడా రంగు వేసేశారు! ఉప్పునీరు ఇంజన్ లోహాన్ని తినకుండా తాను కరిగిపోయేందుకే ఆ ముక్క ఉన్నది. రంగు వేస్తే అది పనిచేయదు, ఇంజన్ కాలే కరుగుతుంది. ముక్క సగం కరిగితే మార్చాలి. ఉప్పూ మంచినీరూ కలిసే మన పాయలకు అల్యూమినియం ముక్క మేలు. రంగు కిందే ఇంకో రహస్యం కూడా దాగింది. ఇంజన్ బిగించే వెనుక పలకను సుత్తి పిడితో తడితే టక్ మనాలి. నాది మొద్దుగా మూలిగింది. ఫైబర్ లోపలి ప్లైవుడ్ నాని కుళ్ళింది.

పెట్రోలు విషయంలో తప్పు నాది. స్కూటరు టూటీ ఆయిల్ కలిపాను. నీటితో చల్లబడే ఇంజన్‌కు టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న నూనె వాడాలి. చాలా టూస్ట్రోక్ ఔట్‌బోర్డ్‌లకు లీటరుకు 20 మిల్లీలీటర్లు, అయినా మీ ఇంజన్ పుస్తకం చెప్పిందే లెక్క. ఫోర్‌స్ట్రోక్ అయితే పెట్రోలులో ఏమీ కలపరు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమను పీలుస్తుంది, నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. నిషేధం 61 రోజులూ ట్యాంకులో, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలేయకండి. నీటిని వేరు చేసే ఫిల్టర్ ఒకటి బిగించుకోండి.

ఇంజన్ ఆపే ఎర్ర తాడు కూడా లేదు, దాని చోట ఇనుప తీగ దూర్చారు. నడిపే మనిషి నీళ్ళలో పడితే ఇంజన్‌ను ఆపేది ఆ తాడే. అది లేకపోతే బోటు గుండ్రంగా తిరిగి అతని మీదికే రావచ్చు. కొత్తది కొని మణికట్టుకు కట్టుకుంటున్నాను. లైఫ్ జాకెట్లు ఎలాగూ కొన్నాను.

కాగితాలు అడగండి. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో, ఇంజన్ మీది నంబరు కాగితంలోని నంబరుతో కలుస్తుందో చూడండి. నా ఇంజన్‌కు నంబరు పలకే లేదు. అది ఊడిపోయిందన్నాడు. కన్నాలు మాత్రం శుభ్రంగా, కొత్తగా ఉన్నాయి.

మరమ్మతుకు ముప్ఫై ఎనిమిది వేలు అయ్యింది, వెనుక పలక ఖర్చు వేరు. అమ్మినాయన ఫోను ఎత్తడం లేదు. పోయిన ఆదివారం అటు వెళ్తే అదే రేవులో మరో బోటు నిలబెట్టి ఉంది. ఈసారి ఆకుపచ్చ రంగు. దిగి చూశాను, జింకు ముక్క కూడా ఆకుపచ్చగానే ఉంది.