పీ90ఎక్సా, ఇన్‌శానిటీయా? ఒళ్లు పాడవకుండా చేయడానికి ఏది మేలు?

ఇంట్లో టీవీలో వీడియో పెట్టుకుని చేసే గట్టి వర్కౌట్లలో ఈ రెండూ బాగా పేరున్నవి. టోనీ హోర్టన్ చేయించే పీ90ఎక్స్ 90 రోజులు, షాన్ టీ చేయించే ఇన్‌శానిటీ 60 రోజులు. రెండిట్లోనూ వారానికి ఆరు రోజులు చెమటోడ్చాల్సిందే. ఏది తొందరగా సన్నబరుస్తుందన్న చర్చ ఎప్పుడూ ఉండేదే. నేను చూసేది ఇంకొకటి: ఒంట్లో ఓపిక అయిపోయాక కూడా కీళ్లకు ఏది తక్కువ ముప్పు తెస్తుంది?

ఇన్‌శానిటీకి సామాను ఏమీ అక్కర్లేదు. చాలామంది దానివైపు మొగ్గేది అందుకే. చిక్కు కూడా అక్కడే ఉంది. బరువులు లేవు కాబట్టి కష్టమంతా వేగంలోంచి, గెంతుల్లోంచి రావాలి. మామూలు ఇంటర్వెల్ పద్ధతిలో కాసేపు గట్టిగా చేసి, ఎక్కువసేపు నెమ్మదిస్తారు. ఇందులో తిరగేశారు: ఎక్కువసేపు గట్టిగా, విరామం కొద్దిసేపు. మొదటి నిమిషంలో మోకాళ్లు వంచి మెత్తగా దిగే మనిషే, ఇరవయ్యో నిమిషానికి వచ్చేసరికి కాళ్లు బిగుసుకుపోయి ధన్‌మని దిగుతాడు. గెంతి దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకు కొన్ని రెట్ల భారం కాళ్ల మీద పడుతుంది. తొడ కండరాలు అలసిపోతే ఆ భారాన్ని మోకాలు, చీలమండ, పిక్క ఎముక పంచుకోవాలి.

దానికి తోడు రెండు వారాలకోసారి ఫిట్ టెస్ట్. ఒక్కో కదలిక నిమిషంలో ఎన్నిసార్లు చేశామో లెక్క రాసుకోవాలి. ఉత్సాహం వస్తుంది, నిజమే. కానీ అంకె పెంచాలన్న తొందరలో మొదట చెడేది భంగిమే. పక్కన కోచ్ లేని ఇంట్లో ఆ తేడా చెప్పేవాళ్లెవరు?

పీ90ఎక్స్‌కు డంబెల్స్ గానీ రెసిస్టెన్స్ బ్యాండ్లు గానీ కావాలి, పుల్-అప్ బార్ కూడా ఉండాలి. చూడ్డానికి ఇదే ప్రమాదంగా అనిపిస్తుంది. కానీ బరువుతో చేసేటప్పుడు కదలిక నెమ్మదిగా ఉంటుంది. చేయి వణికితే డంబెల్ దించేయొచ్చు, రేపు తక్కువ బరువు పట్టుకోవచ్చు. నిన్న ఛాతీ, వీపు అయితే ఇవాళ కాళ్లు. ఒకే కీలుకు రోజూ దెబ్బ తగలదు. మొదటి రెండు దశల్లో మూడేసి వారాలు కష్టపెట్టి, నాలుగో వారం యోగా, స్ట్రెచింగ్‌లతో తేలిక చేస్తారు. ఇన్‌శానిటీలోనూ రెండు నెలల మధ్య రికవరీ వారం ఉంది గానీ, అది నాలుగు వారాలు గెంతాక వస్తుంది.

ఈ విరామాన్ని చిన్నచూపు చూడకూడదు. ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గుతుంది, కండరమూ త్వరగానే బలపడుతుంది. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్లు మాత్రం అంత వేగంగా గట్టిపడవు. అందుకే ‘ఇప్పుడిప్పుడే అలవాటైంది’ అనుకునే రోజుల్లోనే మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంటుంది.

పీ90ఎక్స్‌లో వంక లేదని కాదు. అందులోనూ ప్లయోమెట్రిక్స్ రోజు ఉంది, అదీ గెంతుళ్లే. పుల్-అప్‌లు ఒక్కటీ రానివాళ్లు ఊగుతూ పైకి లాక్కుంటే భుజం, మోచేయి పట్టేస్తాయి. కుర్చీ మీద ఒక కాలు ఆనించి చేయడంలో తప్పేమీ లేదు.

ఇక తబాటా, నాలుగు నిమిషాల్లో పని అయిపోతుందని చాలామంది ఆశపడేది. 20 సెకన్లు గట్టిగా, 10 సెకన్లు విశ్రాంతి. జపాన్ పరిశోధకుడు ఇజుమి తబాటా 1996లో ప్రచురించిన ఆ అధ్యయనంలో మనుషుల్ని తొక్కించింది కదలని సైకిల్. దాని మీద కాళ్లకు గెంతి దిగే దెబ్బే లేదు. అదే కొలతను బర్పీలకు (నేల మీదికి వాలి, లేచి పైకి గెంతే కసరత్తు) తగిలిస్తే సంగతి వేరు.

నా ఓటు పీ90ఎక్స్‌కే. మొదటి దశలో ప్లయోమెట్రిక్స్ రోజున గెంతకుండా స్క్వాట్లు, మెట్లెక్కి దిగే కదలికలు చేస్తే సరి. అది పూర్తయ్యాక ఇన్‌శానిటీ మోజు తీరకపోతే వారానికి రెండు రోజులు కలుపుకోవచ్చు. ఇప్పటికే పరుగు, ఆటలు బాగా అలవాటున్నవాళ్లు నేరుగా ఇన్‌శానిటీకి వెళ్లినా తట్టుకుంటారు. బరువు బాగా ఎక్కువున్నవాళ్లు, మోకాలి నొప్పి పాతగా ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఏది చేసినా, మర్నాడు రెండు తొడలూ సమంగా సలిపితే కంగారుపడక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఒకే పక్క, ఒకే చోట పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకి వీడియో ఆపేయాలి. విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. విపరీతంగా చేశాక మూత్రం కోలా రంగులో వస్తే ఆలోచించొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.