తిరుపతిలో బొమ్మల తయారీ తరగతి: పిల్లలను చేర్పించవచ్చునా?

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడ మీద, నాలుగు నుంచి ఏడవ తరగతి వరకు చదివే పిల్లల కోసం వేసవిలో నడిపిన బొమ్మల తయారీ తరగతికి మా అమ్మాయిని పంపాము. అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో పిల్లలు మీట నొక్కి చూసే ప్రదర్శనలు చాలా ఉన్నాయి, అవి బాగుంటాయి కూడా. కాని తాను చేసిన వస్తువే మొరాయించినప్పుడు పిల్లలకు పుట్టే ప్రశ్న వేరు. ఈ తరగతి ఆ ప్రశ్నకు ఎంత చోటిచ్చిందన్నదే నేను చూసినది.

అన్నిటికన్నా బాగా నడిచింది స్ట్రా బూర. స్ట్రా కొసను చదునుగా నొక్కి, రెండు పక్కలా ఏటవాలుగా కత్తిరిస్తే రెండు రేకులు ఏర్పడతాయి. ఊదినప్పుడు అవి అదిరి, గొట్టంలోని గాలిని అదిరిస్తాయి. ఊదుతూ ఉండగానే అవతలి కొసను కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ పోతే శ్రుతి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. గొట్టం పొట్టిదైన కొద్దీ శబ్దం సన్నబడుతుందని మాస్టారు చెప్పకముందే పిల్లలు పట్టేశారు. గుడిలో నాదస్వరం పీకను దగ్గరగా చూసిన ఒక అబ్బాయి, ‘ఇదీ అదే కదా సార్’ అన్నాడు. ప్లాస్టిక్ స్ట్రాలపై 2022 జూలై నుంచి నిషేధం ఉన్నందున కాగితపువి ఇచ్చారు. ఎంగిలికి మెత్తబడి అవి కాసేపటికే మూగబోయాయి. తడిసిన రేకు ఎందుకు అదరదో ఆలోచించడానికి అదీ ఒక అవకాశమే అయింది.

మోటారు రోజున మాత్రం నిరాశ కలిగింది. టార్చిలైటు బ్యాటరీకి రెండు కొసలా పిన్నీసులు నిలిపి, పాత స్పీకరు అయస్కాంతం మీద రాగి తీగ చుట్టను తిప్పే బొమ్మ అది. దాని కిటుకంతా తీగ మీద కరెంటును అడ్డే ఎనామిల్ పూతను గీకడంలో ఉంది: ఒక కొసను చుట్టూ గీకాలి, రెండో కొసను ఒక పక్క సగమే గీకాలి. రెండింటినీ పూర్తిగా గీకితే ప్రతి అరచుట్టుకూ తోపు ఎదురు తిరిగి, చుట్ట అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది. సగం పూత ఉంటే ఆ అరచుట్టులో కరెంటు తెగి, చుట్ట తన ఊపుతోనే దాటిపోతుంది. సమయం చాలదన్న కారణంతో నిర్వాహకులు గీకి ఉంచిన తీగలనే పంచిపెట్టారు. అందరి మోటార్లూ తిరిగాయి, చప్పట్లు మోగాయి, ఎందుకు తిరిగిందో ఎవరూ అడగలేదు.

ఇలాంటి బొమ్మలను దేశమంతటా పరిచయం చేసి 2018లో పద్మశ్రీ అందుకున్న అరవింద్ గుప్తా వీడియోలు ఉచితంగానే దొరుకుతాయి కదా, ఈ తరగతికి 600 రూపాయలు ఎందుకన్న సందేహం రావచ్చు. పక్కవాడి బూర మోగి తనది మోగనప్పుడు పిల్లలు పోల్చి చూసుకునే తీరు ఒంటరిగా వీడియో చూస్తే రాదు గనుక, ఆ రుసుము న్యాయమేనని నా అభిప్రాయం. తరగతిలో ఇచ్చిన, నిర్వచనాలతో నింపిన కరపత్రాన్ని పక్కన పెట్టేయవచ్చు.

చేర్పించిన వారు మోటారును ఇంట్లో మళ్లీ చేయించాలి. మోటారు వైండింగు షాపులో అడిగితే ఎనామిల్ తీగ ముక్క దొరుకుతుంది; గీకే పని పిల్లలకే వదలండి. తిరగకుండా ఆగిన చుట్టను బ్యాటరీకి తగిలించి ఉంచితే రెండూ త్వరగా వేడెక్కుతాయి కాబట్టి పెద్దలు దగ్గర ఉండాలి.